వరియు రొయ్యయు పండు పొక్కాళి పొలములు

మన కొల్లేటి ప్రక్క చేప వచ్చి వరిని వెడలగొట్టినది. ఈ రెండును ఒకే నేలపై ఇమడవని అనుకొనువారు కేరళమునందలి పొక్కాళి పొలముల చరిత్ర ఎఱుగవలెను. ఎర్ణాకుళము, ఆలప్పుళ, త్రిశ్శూరు జిల్లాలలో సముద్రపు ఆటుపోటులకు లోబడిన ఉప్పునేలలవి. క్రీ.శ. 1341లో పెరియారు నది వరద కొడుంగల్లూరు రేవును పూడ్చి కొచ్చి రేవును తెఱచెనని చరిత్రకారులు చెప్పుదురు. అట్టి తీరమున రైతులు ఏటికి రెండు ఫలసాయములు తీయ నేర్చిరి.

వేసవి చివర పొలములోని నీరు తీసివేసి మట్టిని కుప్పలు చేయుదురు. తొలకరి వానలు ఆ కుప్పలలోని ఉప్పును కడిగివేయును. మొలకెత్తిన విత్తును కుప్పలపైననే చల్లి, నెల దాటిన పిమ్మట నారును మట్టిగడ్డలతోకూడ నఱికి పొలమంతట పఱచుదురు. పైరు నిలువెత్తు ఎదుగును. మలయాళమున 'పొక్కము' అనగా ఎత్తే. ఎరువు లేదు, మందు లేదు. మొలలోతు నీట నిలిచి వెన్నులు మాత్రమే కోసికొని, గడ్డిని నీటికే విడుతురు. అది కుళ్ళి రొయ్యలకు మేత యగును. రొయ్యలు విడిచిన మలినము మఱుసటి వరికి సత్తువ. నవంబరు నడుమ మొదలు ఏప్రిలు నడుమ వఱకు పోటునీటితో రొయ్యపిల్లలను లోనికి రానిచ్చి, రాత్రివేళ తూమునొద్ద దీపముంచి, ఆటునీటికి వల కట్టి పట్టుదురు.

ఇందు చిన్నరైతు పాలెంత? అరయెకరము గలవాడు తన చేనికి వేఱుగ నీరు పెట్టలేడు, తీయలేడు. పెక్కు కమతములకు గట్టు ఒకటే, తూము ఒకటే. 1970 జనవరి 1 నుండి కేరళమున కౌలుదారులు భూమిపై హక్కుదారులైరి. ఘనమైన కార్యమే! కాని భూమిని పంచిన చట్టము తూమును పంచజాలదు. కావున 'పాడశేఖరము' అను పొలముల సముదాయమునకు రైతులే సంఘముగా కూడి నీటి వ్యవహారమును చూచుకొనుచు వచ్చిరి. రొయ్యల కాలమును వేలము వేసి, సొమ్మును విస్తీర్ణమునుబట్టి పంచుకొనుట పలుచోట్ల పరిపాటి.

చిక్కు ఈ వేలములోనే యున్నది. రొయ్యకు ధర పెరిగిన కొలది, పాట పాడినవాడు గడువు దాటినను నీరు దింపడు. కుప్పలు వేయు అదను తప్పును. వరి లేని యేడు పొలము గలవానికి పాటసొమ్ము ముట్టును. నాటుటకును కోయుటకును వచ్చు కూలిస్త్రీలకు ఏమియు ముట్టదు. 'ఒక వరి, ఒక చేప' అను నియమమును ప్రభుత్వము పెట్టినది. 2008లో వరిపొలముల, చిత్తడినేలల పరిరక్షణ చట్టమును చేసినది. అయినను వరి విస్తీర్ణము మునుపటి కంటె ఎంతో తగ్గినది. వరి నిలిచిన చోట్ల, ఏప్రిలు నడుమ రొయ్యల గడువు తీరగానే తూము తిరిగి రైతుల చేతికి వచ్చుచున్నది.