యాంగోన్‌లో పెరటి కోళ్ళు: ఎన్ని, ఎలా, ఎంతవరకు?

మన పెద్దలు "రంగం" అని పిలుచుకున్న రంగూన్ పట్టణమే నేటి యాంగోన్. ఉద్యోగరీత్యా అక్కడికి వెళ్ళి, పెరడు ఉన్న ఇంట్లో దిగిన తెలుగువారికి నాలుగు కోళ్ళు పెంచుకుందామన్న కోరిక కలగడం సహజం. అయితే ఇది మన ఊరి పెరడు కాదు. 2014 జనాభా లెక్కల నాటికే అర కోటికి పైగా జనం ఉన్న నగరం. కోళ్ళు మీవే అయినా వాటి కూత, వాసన, జబ్బు ఇరుగుపొరుగు వారివి కూడా. ఈ సంగతి గుర్తుంచుకుని మొదలుపెట్టాలి.

ముందు అనుమతి

నగర పాలన వై.సి.డి.సి. (యాంగోన్ నగరాభివృద్ధి సంఘం) చేతిలో ఉంటుంది. పశువైద్యం, కబేళాలు చూసే విభాగం కూడా దానికి ఉంది. అద్దె ఇల్లయితే మొదట యజమానిని అడగండి. తరువాత మీ వార్డు కార్యాలయంలో, ఆ పైన మీ టౌన్‌షిప్‌లోని వై.సి.డి.సి. కార్యాలయంలో విచారించండి. ఎన్ని కోళ్ళకు అనుమతి, గూడు గోడకు ఎంత దూరంలో ఉండాలి, పుంజును ఉంచవచ్చా అన్న మూడు ప్రశ్నలకూ జవాబు కాగితం మీద తీసుకోండి. నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. బర్మీస్ బాగా వచ్చిన మిత్రుణ్ణి వెంట తీసుకువెళితే పని సులువవుతుంది.

ఎన్ని కోళ్ళు?

నలుగురున్న కుటుంబానికి 4 నుంచి 6 పెట్టలు చాలు. మేలు జాతి పెట్టలు ఆరుంటే మంచి కాలంలో రోజుకు నాలుగైదు గుడ్లు వస్తాయి. నాటు పెట్టలు చాలా తక్కువ పెడతాయి. గుడ్లకు పుంజు అవసరం లేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. తెల్లవారుజామున కూసే పుంజే పొరుగువారి ఫిర్యాదుకు మొదటి కారణం. న్యూయార్క్ నగరంలో పెట్టలను పెంచుకోనిస్తారు గాని పుంజులను నిషేధించారు. సంక్రాంతి పుంజుల సరదాను మన ఊరికే వదిలిపెట్టడం మంచిది.

గూడు

ఒక్కో కోడికి గూటిలో 2 చదరపు అడుగులు, బయట తిరగడానికి 8 నుంచి 10 చదరపు అడుగులు ఉండాలి. యాంగోన్‌లో మే నెల మధ్య నుంచి అక్టోబరు వరకు వాన దంచి కొడుతుంది. కాబట్టి గూడును నేల నుంచి రెండడుగుల ఎత్తున కట్టి, చూరు బాగా దింపాలి. కింద ఊక పరిచి, తడిసినప్పుడల్లా మార్చాలి. తడి ఊక వల్లనే వాసన, ఈగలు, పిల్లలకు రక్త విరేచనాలు వస్తాయి. పాములు, ఎలుకలు, వీధికుక్కలు దూరకుండా సన్న కన్నుల ఇనుప వల బిగించండి. కాకులు, పావురాలు మేత ముట్టకుండా తొట్టిని కప్పు కిందే ఉంచండి.

పిల్లలను తెచ్చి పెంచాలంటే మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలి. కరెంటు కోతల మధ్య బల్బును నమ్ముకోవడం కష్టం. రెండు నెలలు దాటిన, టీకాలు వేసిన పెట్టలను కొనడమే మేలు.

మేత

గుడ్లు పెట్టే కోడికి రోజుకు సుమారు 110 గ్రాముల మేత కావాలి. అంటే ఆరింటికి నెలకు 20 కిలోలు. నూకలు, తవుడు మాత్రమే వేస్తే గుడ్లు తగ్గుతాయి. లేయర్ మేతతో పాటు ఆల్చిప్పల పొడి విడిగా పెట్టండి. ఎప్పుడూ చల్లని మంచినీరు ఉండాలి. ఏప్రిల్ ఎండలో ఇది మరీ ముఖ్యం.

జబ్బులు

మనం కొక్కెర తెగులు అనే రాణికెట్ వ్యాధి నాలుగు రోజుల్లో గూటినంతా ఖాళీ చేయగలదు. దీనికి మందు లేదు, టీకాయే రక్ష. ఆస్ట్రేలియాలో రూపొందిన ఐ-2 టీకా వేడిని కొంత తట్టుకుంటుంది. కంటిలో చుక్క వేసి, సుమారు నాలుగు నెలలకొకసారి మళ్ళీ వేయాలి. మీకు దగ్గరలో ఏ టీకా దొరుకుతుందో పశువైద్యుని అడగండి.

బర్డ్ ఫ్లూ మయన్మార్‌లో మొదట 2006 మార్చిలో బయటపడింది. 2007 ఆరంభంలో యాంగోన్‌కు చేరింది. అదే ఏడాది డిసెంబరులో షాన్ రాష్ట్రంలో ఏడేళ్ళ బాలికకు సోకినట్లు నిర్ధారించారు. అదృష్టవశాత్తూ ఆమె కోలుకుంది. ఈ జబ్బు కనిపిస్తే చుట్టుపక్కల కోళ్ళను కూడా చంపేయవలసి వస్తుంది. మనకు పోయేది ఆరు కోళ్ళు, వాటి మీదే బతికే పొరుగువారికి పోయేది జీవనాధారం. అందుకే ఈ జాగ్రత్తలు తప్పనిసరి:

- కొత్త కోడిని మూడు వారాలు విడిగా ఉంచాకే మిగతా వాటితో కలపండి.
- బతికున్న కోళ్ళమ్మే సంతకు వెళ్ళివస్తే చెప్పులు కడిగి, బట్టలు మార్చుకుని గూటి దగ్గరకు వెళ్ళండి.
- గూడు శుభ్రం చేసేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టి, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి.
- జబ్బు చేసిన కోడిని కోసుకు తినవద్దు, అమ్మవద్దు, పనివారికి ఇవ్వవద్దు.
- ఒకటి రెండు రోజుల్లో రెండు మూడు కోళ్ళు చనిపోతే దాచకుండా పశువైద్య శాఖకు చెప్పండి.

సెలవులకు ఇండియా వెళ్ళేటప్పుడు కోళ్ళను ఎవరు చూస్తారో, బదిలీ అయితే ఎవరికి ఇస్తారో ముందే అనుకోండి. ఆ ఏర్పాటు కుదిరిన తరువాతే మొదటి పెట్టను కొనండి.