వీరగల్లు చెప్పే మాట

మా ఊరి చెరువుకట్ట దిగువను, చింతచెట్టు మొదట ఒక రాయి ఉన్నది. దానిమీద ఒక చేత కత్తి, మరొక చేత డాలు పట్టిన మనిషి బొమ్మ. చిన్నతనంలో ఆ రాతికి పలకలు చేరవేసి మేము గోలీలాడుకునేవాళ్లము. పొలాలకు పోయే స్త్రీలు మాత్రం దానికింత పసుపు రాసి, దండం పెట్టి సాగిపోయేవారు. ఆయన ఎవరని అడిగితే, "ఊరికోసం చచ్చినవాడు నాయనా" అనేది మా నాయనమ్మ. అంతకుమించి ఆమెకూ తెలియదు. కళాశాలలో చరిత్ర చదువుకున్న తరువాతగాని అది వీరగల్లు అని నాకు తెలియలేదు.

దక్షిణదేశంలో ఇటువంటి శిలలు వేలకొద్దీ ఉన్నవి. నేర్పుగా చెక్కిన వీరగల్లుమీద సాధారణంగా మూడు అంతస్తులు కనబడతవి. అడుగున యుద్ధం, నడుమ వీరుణ్ణి అప్సరసలు స్వర్గానికి కొనిపోవడం, పైన అతడు శివలింగం ముందర చేతులు జోడించి కూర్చుండడం. ఆ పైన సూర్యచంద్రులు. ఆ వెలుగులున్నంతకాలం ఇతని కీర్తి నిలుస్తుందని భావం. శాసనాలను చదివితే మరొక విశేషం తెలుస్తుంది. వీరిలో అనేకులు రాజ్యాలు గెలిచినవారు కారు. పరులు తోలుకుపోతున్న పశువులను మళ్లించబోయి, ఊరిమీద పడిన వారిని ఎదిరించి నేలకొరిగినవారు. దేశమంటే వారి ఎరుకలో ఊరి పొలిమేర వరకే కావచ్చును. అయినా ప్రాణమిచ్చినవాని త్యాగాన్ని పొలిమేరతో కొలవగలమా?

ఆనాటివారు రాయి నిలిపి ఊరుకోలేదు. చనిపోయినవాని కుటుంబానికి భూమి ఇచ్చే ఆచారం ఉండేది. దానికి రక్తమాన్యమని పేరు. పూజ వీరునికి, మాన్యం అతని బిడ్డలకు. ఈ రెండూ కలిస్తేనే గౌరవమని వారి తలపు.

పల్నాట కారెంపూడిలో ఈ స్మృతి నేటికీ సజీవంగా ఉన్నది. పన్నెండవ శతాబ్దంలో అక్కడ నాగులేటి ఒడ్డున జరిగిన యుద్ధంలో పడినవారిని ఏటా కార్తిక అమావాస్యనాడు మొదలుకొని అయిదు రోజులు ఆరాధిస్తారు. ఆ వీరుల పేర్లు చెప్పుకొని, వారి ఆయుధాలను కొలుస్తారు. కులభేదం పాటించక ఒకే పంక్తిని చాపకూడు కుడిచినవారని వారికి ప్రసిద్ధి.

ఇక మన కాలానికి వద్దాము. ఢిల్లీలోని ఇండియా గేటుకు 1921లో శంకుస్థాపన జరిగింది. 1931లో అది ఆవిష్కృతమయింది. మొదటి ప్రపంచయుద్ధంలోను, ఆ వెంటనే జరిగిన అఫ్ఘాన్ యుద్ధంలోను అసువులు బాసిన భారతసైనికుల స్మారకమది. దానిమీద 13,000కు పైగా పేర్లు చెక్కి ఉన్నవి. వారు పోరాడినది పరప్రభుత్వం తరఫున. అంతమాత్రాన వారిని మరవడం న్యాయం కాదు. యుద్ధాన్ని విమర్శించవచ్చును, పడినవానిని విస్మరించరాదు. స్వతంత్రభారతం కోసం ప్రాణాలర్పించిన వారికి జాతీయ యుద్ధస్మారకం 2019 ఫిబ్రవరి 25న వెలసింది. 1972నుండి ఇండియా గేటు కింద వెలిగిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరిలో అక్కడి జ్యోతిలో కలిపారు. వలయాలుగా నిలిచిన గోడలపై పాతికవేలకు పైబడిన పేర్లు, ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క రాతిపలక. అవి చూస్తుంటే మా ఊరి చింతచెట్టు కిందిరాయి నాకు జ్ఞాపకం వచ్చింది.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక సంగతి చెప్పుకోవాలి. సరిహద్దులో జవానులు మరణించిన వార్త మా బల్లమీదకు సాధారణంగా ఒక్క వాక్యంగా వస్తుంది. అందులో ఒక అంకె ఉంటుంది. దానిని తప్పు లేకుండా చదివితే మా విధి తీరినట్లే అనుకునేవాణ్ణి. ఒకసారి ఒక శ్రోతనుండి కార్డు వచ్చింది. అయిదుగురు మరణించారని మీరు చదివారు, ఆ అయిదుగురిలో ఒకడు మా అబ్బాయి, వాడికి పేరున్నది అని మాత్రమే అందులో ఉన్నది. నింద లేదు, కోపం లేదు. ఆ కార్డుకు ఏమని జవాబు వ్రాయాలో నాకు చాలా రోజులు తోచలేదు.

2020 జూన్ 15న గల్వాన్ లోయలో ఇరవైమంది భారతసైనికులు అమరులైనారు. వారిలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు ఉన్నారు. మరణానంతరం ఆయనకు మహావీరచక్ర ప్రకటించారు. రాష్ట్రప్రభుత్వం ఆయన భార్యకు ఉద్యోగం, ఇంటిస్థలం ఇచ్చింది. రక్తమాన్యమే వేరు రూపంలో తిరిగి వచ్చినదనిపించింది. ఆయన పేరు తెలుగునాట అందరి నోటా నిలిచింది. తక్కిన పందొమ్మిదిమంది పేర్లలో ఒకటైనా మనకు గుర్తున్నదా? వారి ఊళ్లలోను తల్లులున్నారు.

అంకెను ఎవరూ కొలవలేరు. కొలువు పేరుకే. దేశభక్తిని గురించి పెద్దమాటలు చెప్పేముందు, మన ఊరినుంచి వెళ్లి తిరిగిరానివారెవరో తెలుసుకుందాము. పంద్రాగస్టునాడు బడిలో జెండా ఎగురవేసినప్పుడు ఆ పేర్లు పిల్లలచేత చదివిద్దాము. వారి ఇంటికి ఒకసారి పోయి వత్తాము. మా చెరువుకట్ట కింది వీరునికి పసుపు దక్కింది, పేరు దక్కలేదు. నాయనమ్మకు తెలియనిది నేనిప్పుడు తెలుసుకోలేను. ఆ కార్డులోని పేరు మాత్రం నాకు తెలుసు. దానిని నేను మరువలేదు.