బోధన్ చక్కెర పరిశ్రమ: అగ్గువ ధర, ఆగిన మిల్లు

నిజామాబాద్ జిల్లాలో మంజీరా నీటి అండతో 1930లలో పుట్టిన పరిశ్రమ ఇది. 2015 డిసెంబరులో నిజాం షుగర్స్ మూతపడటంతో దాని గుండె ఆగింది.

మంజీరాపై నిజాంసాగర్ ప్రాజెక్టు 1931 నాటికి పూర్తయింది. దాని రూపశిల్పి ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీరు చూసి కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి వర్ని, కోటగిరి వైపు క్యాంపులు కట్టుకున్నారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1937లో నిజాం షుగర్స్ కంపెనీ ఏర్పడి, మరుసటి ఏడాది బోధన్ పక్కన ఉత్పత్తి మొదలైంది. శక్కర్ తయారయ్యే చోటు కనుక మిల్లు కాలనీ శక్కర్‌నగర్ అయింది. వేల ఎకరాల సొంత చెరకు క్షేత్రాలతో ఈ మిల్లు ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది.

చెరకు నరికాక ఆగదు. కాంటా దగ్గర బండి ఎన్ని గంటలు నిలిస్తే అంత బరువూ తీపీ తగ్గుతాయి. అందుకే ఈ పంటకు మిల్లు పక్కనే ఉండాలి, బిల్లు వేళకు రావాలి. ఈ రెండూ దెబ్బతిన్న తీరే బోధన్ చరిత్ర.

కిరాణా దుకాణంలో చక్కెర పిరమైతే ప్రభుత్వాలు వణుకుతాయి. 1967లో కేంద్రం తెచ్చిన పాక్షిక నియంత్రణలో మిల్లులు ఉత్పత్తిలో 60 శాతాన్ని లెవీ కింద తక్కువ ధరకు ఇచ్చేశాయి. ఆ వాటా క్రమంగా 10 శాతానికి తగ్గినా, 2013 దాకా పోలేదు. రేషన్ చక్కెర కిలో రూ.13.50కి అందిందంటే అందులో మిల్లు మోసిన నష్టం, దాని వెనుక రైతు మోసిన బాకీ ఉన్నాయి. పేదల ఇంటికి చక్కెర చేరడం న్యాయమే. ఆ ఖర్చు ఖజానా భరించాల్సింది. లెవీ ఎత్తేశాకే కేంద్రం కిలోకు రూ.18.50 సబ్సిడీ ఇచ్చింది. లెవీ భారానికి తోడు 1994లో ధర దించడానికి సుంకం లేని దిగుమతులకు తలుపులు తెరిచారు.

2015-16కు కేంద్రం క్వింటాలు చెరకుకు, 9.5 శాతం రికవరీపై, రూ.230 నిర్ణయించింది. అంటే క్వింటాలుకు తొమ్మిదిన్నర కిలోల చక్కెర. కూలీ, ఆవిరి, వడ్డీ లెక్కలోకి రాకముందే కిలోకు చెరకు ఖర్చే రూ.24 దాటింది. 2015 వేసవిలో కొన్ని రాష్ట్రాల్లో మిల్లు గేటు ధర అంతకన్నా కిందికి పడిపోయింది. కొనేవారికి పండగ, మిల్లు రైతుకు ఎక్కడి నుంచి చెల్లించాలి?

నేరమంతా ధరదే అనడం తప్పు. పూడికతో నిజాంసాగర్ సామర్థ్యం దాదాపు 30 టీఎంసీల నుంచి 18కి దగ్గరగా దిగింది. ఎగువన సింగూరు ప్రాజెక్టు వచ్చాక మంజీరా నీటికి హైదరాబాద్ దాహం పోటీ పడింది. చాలామంది రైతులు వరి, సోయా, పసుపు వైపు మళ్లారు. 2002లో శక్కర్‌నగర్, ముత్యంపేట, మెదక్ యూనిట్లను ప్రభుత్వం 49 శాతం వాటా ఉంచుకుని ఉమ్మడి సంస్థ నిజాం డెక్కన్ షుగర్స్‌కు అప్పగించింది. మిగతా 51 శాతం ప్రైవేటుది. శాసనసభా సంఘం ఆ ఒప్పందాన్ని తప్పుపట్టింది. నిజామాబాద్ పక్కన సారంగాపూర్ సహకార ఫ్యాక్టరీ కూడా నిలవలేదు.

2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటనతో మూడు యూనిట్లూ ఆగాయి. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. మిల్లులు చక్కెరను కిలో రూ.29 కంటే తక్కువకు అమ్మరాదని కేంద్రం కనీస ధర పెట్టింది 2018లో. 2019లో దాన్ని రూ.31 చేసింది. బోధన్‌కు 2018 నాటి ఆ కనీస ధర కూడా రెండేళ్లకు పైగా ఆలస్యం.

పునరుద్ధరణ కోసం 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. యంత్రాలు బాగుచేయడం ఒక పని. చెరకు మానేసిన రైతు మళ్లీ వేయాలంటే, బిల్లు ఏ తేదీన అందుతుందో ముందే రాసిచ్చే హామీ కావాలి.