నేతయింటి బాల్యము: లెక్కకెక్కని పని



నేత యొక్కరి పని కాదు. మగ్గముపై నాడె యాడుటకు ముందు నూలు తోడవలయును, కండెలు చుట్టవలయును, ఆసు పోయవలయును, పడుగు సాచి గంజి పెట్టవలయును. ఇందు పెక్కుపనులు చిరకాలముగ స్త్రీలును బాలికలును చేయుచు వచ్చినవే. అయినను మగ్గమున కూర్చుండు పురుషునికే నేతగాడను పేరు కలిగినది. తక్కినవారి శ్రమకు చేతిసాయమనుట యాచారమైనది. ఈ పేళ్ల భేదమే మన యిండ్లలోని బాల్యమును రెండుగా చీల్చినది.

బాలుడు తండ్రిప్రక్కన మగ్గపుపని నేర్చినచో దానిని విద్య యందురు. బాలిక తల్లిప్రక్కన కండెలు చుట్టినచో దానిని యింటిపని యందురు. అతనికి నేర్పరియను పేరును కూలియును క్రమముగ లభించును. ఆమెకు వంటయు, నీళ్లు తెచ్చుటయు, పసిబిడ్డల నాడించుటయు తోడగును. అత్తవారింట నదే పని మరల నారంభమగును.

ఇది శాస్త్రసమ్మతమని కొందరందురు. శాస్త్రములనే చూతము. ఋగ్వేదమున పంచమమండలమునందు తల్లులు కుమారునికై వస్త్రములు నేయుట చెప్పబడినది. 1909లో శామశాస్త్రిగారు మైసూరున ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున సూత్రాధ్యక్షప్రకరణము కలదు. వితంతువులు, కన్యకలు మున్నగువారు వడికిన నూలు సన్నమో, ముతకయో, మధ్యమమో పరీక్షించి వేతనము నిర్ణయింపవలయునని యందలి విధి. ఇల్లు వెడలని స్త్రీలకు దాసీల ద్వారా పని పంపవలయును. వేతనమునకు కాలము మీరనిచ్చిన యధికారికి దండనము. కౌటిల్యుడు తూచి వెలకట్టిన శ్రమను మనము మన యింటనే లెక్కింపకుంటిమి.

పోచంపల్లి ప్రాంతపు చిటికిచీరల సంగతి చూడుడు. ఒక్క చీరకు ఆసు పోయుటకై సుమారు 9,000 మారులు చేయి త్రిప్పవలయును. ఆలేరు ప్రాంతమువారగు చింతకింది మల్లేశముగారు తల్లి లక్ష్మమ్మగారి భుజముల నొప్పి చూడజాలక 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచి, దానికామె పేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది. అన్ని తరముల స్త్రీలు పడిన శ్రమ లోకమునకు కానవచ్చుటకు యంత్రము రావలసివచ్చెను!

2019-20 నాటి చేనేతగణనలో దేశమున 35 లక్షలకు పైబడిన చేనేతపనివారు తేలిరి. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. 2019 నాటి కాలవినియోగపరిశీలనమున, ఇంటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. 2016 నాటి చట్టసవరణ, బడివేళలు ముగిసిన పిమ్మటను సెలవులలోను, అపాయకరము కాని కుటుంబవృత్తిలో బాలలు సాయపడుట కనుమతించినది. ఆ సాయము బాలికకు చదువుకొను వేళను మ్రింగకుండ చూచుట తల్లిదండ్రుల ధర్మము.

కావున పోషకులకును సభ్యులకును నా విన్నపము: సంఘపు పట్టికలలో ఆసు పోయువారి పేళ్లును, కండెలు చుట్టువారి పేళ్లును పనివారి పేళ్లుగానే వ్రాయుడు. విద్యార్థివేతనములలో బాలికలకు సమభాగమిండు. సోదరునిచేత గూడ పొయ్యి ముట్టింపుడు, రాట్నము పట్టింపుడు. చిన్ననాట నీ పని చేసినవాడు పెద్దయైన పిదప దానిని చులుకన చేయడు. ఈ మహాసభ యీ విషయమును తీర్మానముగ స్వీకరించుగాక!