రక్షణ హామీకి వెల ఎవరు కట్టారు? సికింద్రాబాద్ నుంచి డీగో గార్సియా దాకా



సైన్య సహకార పద్ధతి గురించి మీరు పాఠశాలలోనే చదివి ఉంటారు. వెల్లస్లీ ప్రవేశపెట్టాడని, నిజాం మొదట అంగీకరించాడని రెండు మార్కుల జవాబు రాసి ముందుకు వెళ్ళిపోయి ఉంటారు. ఈ పాఠంలో అక్కడే కాసేపు ఆగుదాం. ఒక దేశం తన సైన్యాన్ని మరొక దేశపు గడ్డపై నిలపడం, ఆపద వస్తే ఆదుకుంటామని మాట ఇవ్వడం ఈనాటికీ వార్తల్లో ఉన్న విషయాలే. వాటి లోగుట్టు తెలుసుకోవడానికి హైదరాబాదు కంటే దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు.

1795 మార్చిలో ఖర్దా వద్ద మరాఠాల చేతిలో నిజాం అలీఖాన్ ఓడిపోయాడు. అప్పటికి ఆయన ఈస్టిండియా కంపెనీకి మిత్రుడు. ఆయన ఖర్చుతోనే రెండు కంపెనీ పటాలాలు ఆయన కొలువులో ఉన్నాయి. అయినా గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ సాయం నిరాకరించాడు. మరాఠాలు కూడా కంపెనీకి మిత్రులే కదా! జీతం నిజాంది, ఆజ్ఞ కలకత్తాది. ఆగ్రహించిన నిజాం ఆ పటాలాలను పంపివేసి, ఫ్రెంచి సేనాని రేమండ్ దళాన్ని పెంచుకున్నాడు. హైదరాబాదులోని మూసారాంబాగ్‌కు ఆ పేరు ఈ రేమండ్ వల్లనే వచ్చిందని చెబుతారు.

రేమండ్ 1798 మార్చిలో మరణించాడు. అదే ఏడాది సెప్టెంబరు 1న వెల్లస్లీతో ఒప్పందం కుదిరింది. ఆరు పటాలాలకు ఏటా 24,17,100 రూపాయలు నిజాం చెల్లించాలి. అక్టోబరులో ఫ్రెంచి దళం చేత ఆయుధాలు దింపించారు. హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన కంపెనీ సైన్యం విడిది చేసిన చోటు 1806లో సికిందర్ జా పేరిట సికింద్రాబాద్ అయింది.

కథ అక్కడితో ఆగలేదు. 1800 అక్టోబరు ఒప్పందంలో డబ్బు స్థానంలో భూమి వచ్చింది. మైసూరు యుద్ధాల వల్ల 1792లోను, 1799లోను తనకు దక్కిన ప్రాంతాలను నిజాం కంపెనీకి వదులుకున్నాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం ఆ విధంగా దత్తమండలాలయ్యాయి. 1928 తరువాత ఆ సీమకు రాయలసీమ అనే పేరు స్థిరపడింది. గుర్తుంచుకోండి, ఆ ఊళ్ళలోని రైతును ఎవరూ ఒక్క మాట అడగలేదు. దానికి తోడు కంపెనీ అనుమతి లేకుండా ఇతర రాజ్యాలతో సంప్రదింపులు జరపరాదన్న షరతు ఒకటి. నిజానికి భూమి కంటే ఇదే పెద్ద నష్టమని నా అభిప్రాయం. ఎవరితో స్నేహం చేయాలో నిర్ణయించుకోలేని రాజ్యానికి సైన్యం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

1918లో ఏడవ నిజాంకు బ్రిటిష్ ప్రభుత్వపు 'విశ్వాసపాత్ర మిత్రుడు' అన్న బిరుదు లభించింది. 1947 ఆగస్టు 15తో ఆ పాత ఒప్పందాలన్నీ చెల్లకుండా పోయాయి. బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టంలో ఒక్క సెక్షను అందుకు సరిపోయింది.

ఇప్పుడు పటంలో కన్యాకుమారి నుంచి దక్షిణంగా సుమారు 1,800 కిలోమీటర్లు వెళ్ళండి. హిందూ మహాసముద్రంలో చాగోస్ దీవులు కనిపిస్తాయి. వాటిలో పెద్దది డీగో గార్సియా. మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వడానికి ముందే, 1965లో, బ్రిటన్ ఈ దీవులను దాని నుంచి విడదీసింది. ప్రతిఫలం 30 లక్షల పౌండ్లు. 1966లో అమెరికాతో 50 ఏళ్ళ ఒప్పందం కుదిరింది. దాన్ని తరువాత 2036 వరకు పొడిగించారు. అమెరికా కూడా ఊరకే పుచ్చుకోలేదు. పొలారిస్ క్షిపణుల ధరలో బ్రిటన్‌కు 1 కోటి 40 లక్షల డాలర్ల మినహాయింపు ఇచ్చింది.

మరి అక్కడి మనుషులు? కొబ్బరి తోటల్లో పనిచేసుకుంటూ తరతరాలుగా జీవిస్తున్న కుటుంబాలను 1968 - 1973 మధ్య మారిషస్‌కు, సీషెల్స్‌కు తరలించారు. వారి పెంపుడు కుక్కలను చంపివేశారు. శ్రీలంక చొరవతో 1971 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి హిందూ మహాసముద్రాన్ని శాంతి మండలంగా ప్రకటించింది. స్థావరం నిర్మాణం మొదలైంది కూడా ఆ ఏడాదే!

హామీ ఇచ్చేవారు వాడే మాటలను కూడా జాగ్రత్తగా చదవాలి. 1994లో ఉక్రెయిన్ అణ్వాయుధాలను వదులుకున్నప్పుడు బుడాపెస్ట్‌లో అమెరికా, బ్రిటన్, రష్యా సంతకాలు చేశాయి. ఆంగ్ల ప్రతిలో ఉన్నది 'భరోసా' వంటి మాట. రష్యన్ ప్రతిలో ఉన్నది 'హామీ'. 2014లో రష్యాయే క్రిమియాను ఆక్రమించింది, 2022లో పూర్తి స్థాయి యుద్ధానికి దిగింది. తక్కిన ఇద్దరు ఆయుధాలు, ధనం ఇచ్చారు కాని సైన్యాన్ని పంపలేదు. ఖర్దా యుద్ధం చదివినవారికి ఇది కొత్తగా అనిపించదు.

స్థావరాల భవిష్యత్తు ఏమిటని మీరు అడగవచ్చు. దూరం వెళ్ళే క్షిపణులు వచ్చాక కదలని స్థావరం సులభ లక్ష్యమవుతుందన్న మాట నిజమే. అయినా వాటిని వదులుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. ఫిలిప్పీన్స్ సెనేట్ 1991లో ఒక్క ఓటు తేడాతో అమెరికా స్థావరాల ఒప్పందాన్ని తిరస్కరించింది. 2014లో అదే దేశం మరో రూపంలో వారిని రానిచ్చింది.

చాగోస్‌ను విడదీయడం చట్టబద్ధంగా జరగలేదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయపడింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒక ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాని ప్రకారం సార్వభౌమత్వం మారిషస్‌ది. డీగో గార్సియా మాత్రం 99 ఏళ్ళు బ్రిటన్ అధీనంలో ఉంటుంది. అందుకు బ్రిటన్ సగటున ఏటా 10 కోట్ల 10 లక్షల పౌండ్లు చెల్లించాలి. ఉభయపక్షాలు ధ్రువీకరించినప్పుడే అది అమలవుతుంది. ఇతర దీవుల్లో ప్రజలను తిరిగి నివసింపజేసే అవకాశం మారిషస్‌కు ఉంది, డీగో గార్సియాలో లేదు. ఆ సంప్రదింపులు రెండు ప్రభుత్వాల మధ్య జరిగాయి. ద్వీపవాసులకు అక్కడ కుర్చీ వేయలేదు.