కీళ్లవాతం చరిత్రలో మన తెలుగువాడు

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయవలసిందని కార్యవర్గం వారు కోరినప్పుడు, కార్వేటినగరం సంస్థానం గురించో, వేణుగోపాలస్వామి ఆలయం గురించో, సారంగపాణి పదాల గురించో వ్రాస్తానని మిత్రులు అనుకొని ఉంటారు. వాటిని గురించి పెద్దలు ఇదివరకే వ్రాసియున్నారు. మన సభ్యుల ఇళ్లలో పలువురిని పీడిస్తున్న ఒక జబ్బు చరిత్రను ఈసారి మనవి చేస్తాను. అందులో ఒక తెలుగువాని పాత్ర ఉన్నదని చాలామందికి తెలియదు.

కీళ్లనొప్పులన్నీ ఒకటి కావు. వయసు మీరి మోకాళ్లు అరిగితే నడిచినప్పుడు నొప్పి, కూర్చుంటే ఉపశమనం. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం వేరు. తెల్లవారి లేవగానే రెండు చేతుల వేళ్లు, మణికట్లు బిగుసుకుపోయి గంటకు పైగా స్వాధీనంలోకి రావు. కీళ్లు వాచి వేడిగా ఉంటాయి. ముసలితనానికి ముందే, ముప్పై నలభై ఏళ్లకే రావచ్చు. మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఒంటిని కాపాడవలసిన రక్షణ శక్తి తన కీళ్లనే శత్రువని ఎంచి దాడి చేయడం దీనికి మూలం. కంచే చేను మేసినట్లన్నమాట. లూపస్ మొదలైనవి కూడా ఈ కుటుంబానికి చెందినవే.

మన పూర్వులకు ఈ బాధ తెలియనిది కాదు. మాధవకరుడు తన మాధవ నిదానంలో ఆమవాతానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. పాశ్చాత్యులలో 1800లో లాండ్రే-బోవే అనే ఫ్రెంచి వైద్యుడు పారిస్‌లోని ఆసుపత్రిలో స్త్రీలను పరీక్షించి దీనిని వర్ణించాడు. 1859లో ఇంగ్లండు వైద్యుడు గారడ్ ఇప్పటి పేరు పెట్టాడు. ఆ తరువాత చాలాకాలం చికిత్స అంటే కాపడం, విశ్రాంతి, ఆస్పిరిన్, బంగారు లవణాల సూదిమందు. 1948లో అమెరికాలో డాక్టర్ హెంచ్ కార్టిజోన్ ఇవ్వగా మంచం పట్టినవారు లేచి నడిచారు. ఆయనకూ, కెండాల్, రైక్‌స్టైన్‌లకూ 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారడం, మధుమేహం వంటి కష్టాలు వస్తాయని త్వరలోనే తేలింది.

ఇక మన తెలుగువాని సంగతి. ఆయన 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, అమెరికా వెళ్లి హార్వర్డులోనూ, 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలోనూ పరిశోధన చేశారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి ఎదురు నిలిచే మందులను కూడా అక్కడే తయారుచేశారు. వాటిలో ఒకదానితో 1948లో డాక్టర్ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సరును కొంతకాలంపాటు అదుపు చేయగలిగాడు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. 1951లో ఈ కోవకు చెందిన మందు కీళ్లవాతానికి పనిచేస్తున్నదని గుబ్నర్ అనే వైద్యుడు గమనించాడు. అయితే కార్టిజోన్ మోజులో అది మరుగున పడింది. ఎట్టకేలకు 1988లో అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి ఆమోదించింది. నేటికీ ప్రపంచమంతటా వైద్యులు మొదట వ్రాసే మందులలో ఇదొకటి. దీనితోపాటు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఆ ప్రయోగశాల నుండి వచ్చినదే. 1995లో మన తపాలాశాఖ ఆయన పేర బిళ్ల విడుదల చేసింది. మందు మింగేవారిలో ఆయన పేరు ఎరిగినవారు మాత్రం బహు కొద్దిమంది.

మందు వచ్చింది గనుక బ్రతుకు బాగుపడిందా? ఈ ప్రశ్న వేయడానికీ ఒక చరిత్ర ఉంది. 1980లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఫ్రైస్ బృందం ఒక ప్రశ్నావళి తయారుచేసింది. బట్టలు వేసుకోగలరా, కుర్చీలోనుండి లేవగలరా, అన్నం తినగలరా, నడవగలరా, స్నానం చేయగలరా, ఎత్తున ఉన్న వస్తువు అందుకోగలరా, వస్తువును గట్టిగా పట్టుకోగలరా, బయటి పనులు చేసుకోగలరా అని అడుగుతుంది. మన దేశపు వైద్యులు దానిని మన అలవాట్లకు తగినట్లు మార్చుకుని, నేలమీద కూర్చోవడం వంటివి చేర్చారు. రక్తపరీక్ష చెప్పని సంగతులను రోగి నోట చెప్పించే మార్గమిది.

ఏటా మనం బ్రతికి ఉన్నామని ధ్రువపత్రం ఇస్తున్నాం. ఎలా బ్రతుకుతున్నామని అందులో గడి లేదు. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఒక టైపిస్టు అమ్మగారు ఉండేవారు. ఉదయం పదకొండు దాటితేగాని వేళ్లు కదిలేవి కావు. మధ్యాహ్నం నుండి సాయంత్రం చీకటిపడేదాకా కూర్చుని పని ముగించేవారు. పైఅధికారి సోమరితనమని మెమో ఇచ్చాడు. ఆమె జవాబు కూడా తానే టైపు చేసుకున్నారు. జబ్బు కన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ కుంగదీసింది.

మన ప్రాంతంలో ఎముక విరిగితే పుత్తూరు కట్టు జ్ఞాపకం వస్తుంది. ఆ కట్టుకు దేశమంతటా పేరున్నది. కాని కీలు వాచడం ఎముక విరగడం కాదు. ఆరు వారాలు దాటి వాపు, ఉదయపు బిగువు ఉంటే కీళ్ల వైద్య నిపుణుని కలవాలి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మనమూ వేలూరూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేవాళ్లం. అక్కడ 1900లో డాక్టర్ ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో ప్రారంభించిన వైద్యాలయం నేడు సి.ఎం.సి.గా ప్రసిద్ధం. అక్కడ ఈ జబ్బులకు ప్రత్యేక విభాగమే కలదు. ఎంత ముందుగా వెళితే కీళ్లు అంత దక్కుతాయి.

ఒక ముఖ్య హెచ్చరిక. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఆ వారం పేరు చీటీ మీద పెద్ద అక్షరాలతో వ్రాసి గోడకు అంటించండి. వైద్యులు చెప్పిన రక్తపరీక్షలు తప్పవద్దు. బిడ్డలు కలగవలసిన వయసువారు ముందుగా వైద్యులకు తెలపాలి.

ఇంట్లోవారికి ఒక విన్నపం. తెల్లవారి లేవగానే కాఫీ కలపలేకపోతున్న అమ్మను, కోడలిని సోమరి అనకండి. వేడినీళ్లు పెట్టి, కాస్త వ్యవధి ఇచ్చి, సీసా మూత మీరు తీసి పెట్టండి. సుబ్బారావుగారి మాత్ర చేయలేని పని అది. మనం చేయగలం.