రాడ్డు కథ

రియాద్‌లో బత్హా వైపు శుక్రవారం సాయంత్రాలు వెళ్తే మీకు తెలుగు వినపడకుండా పది అడుగులు వెయ్యడం కష్టం. కూరగాయల దగ్గర, ఫోను కార్డుల దగ్గర, టీ కొట్టు దగ్గర, ఎక్కడ నిలబడినా జగిత్యాల, నిజామాబాద్, కడప యాసలు చెవిన పడతాయి. అలా టీ దగ్గర పరిచయమైన ఒక తమ్ముడు ఓ వారం తన గదికి భోజనానికి పిలిచాడు. తిన్నాక, "అన్నా, మా జిమ్ము చూస్తవా?" అంటూ మేడ మీదికి తీసుకెళ్ళాడు.

జిమ్ము అంటే రెండు పెయింటు డబ్బాలు. వాటి నిండా సిమెంటు. మధ్యలో ఓ నీళ్ళ పైపు. పనిచేసే సైటులో మిగిలిన సిమెంటుతో వాళ్ళే పోసుకున్నారు. నాకు ముచ్చటేసింది. ఎత్తబోతే ఓ పక్కకి ఒరిగింది. కింద కొట్టు నుంచి కాటా తెప్పించి తూస్తే ఒక డబ్బా పద్నాలుగు కిలోలు, రెండోది పదిహేడు! పైగా పైపు నడుము అప్పటికే కొంచెం వంగి ఉంది. అంతకు నెల ముందు ఒక డబ్బా ఊడి ఒకతని కాలి వేలు మీద పడిందట. రెండు వారాలు కుంటుతూనే డ్యూటీకి వెళ్ళాడు. అక్కడ ఒకడి నడుం పట్టేస్తే ఆగిపోయేది వాడి ఎక్సర్‌సైజు ఒక్కటే కాదు. ఆ నెల ఇంటికి పంపే డబ్బు ఆగుతుంది, ఊళ్ళో అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు.

"ఐదుగురం చందాలేసుకుంటం. ఏం కొనాల్నో నువ్వే జెప్పన్నా, నువ్వు కంప్యూటరోనివి" అన్నాడు. కంప్యూటర్లకీ కండలకీ సంబంధమేంటో తెలియదు గానీ సరేనన్నాను. ఇంటికొచ్చి చదవడం మొదలెడితే సామాన్ల జాబితా కాస్తా చరిత్ర పాఠం అయింది. ఆ జాబితాలో ప్రతి వస్తువు వెనకా ఎవరో ఒకరు పడిన ఇబ్బంది ఉంది మరి.

మనవాళ్ళకి బరువులెత్తడం కొత్తేం కాదు. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసి సంగడాలు తిప్పిన తాతలు మన ఊళ్ళన్నిట్లోనూ ఉండేవారు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడి గురించి చెప్పక్కర్లేదు. ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి! అయితే సంగడంతో ఒక చిక్కుంది. అదెంత బరువో అంతే. ఇవాళ ముప్ఫై ఎత్తినవాడు రేపు ముప్ఫై ఒకటి ఎత్తాలంటే కుదరదు, ఇంకో పెద్దది చెక్కించుకోవాలి. బలం వచ్చేదేమో కొద్దికొద్దిగా, బరువు పెరిగేదేమో ఒక్కసారిగా. దెబ్బలు తగిలేది సరిగ్గా ఆ తేడాలోనే.

ఈ చిక్కుకి వ్యాపారంలో జవాబు చెప్పినవాడు ఫిలడెల్ఫియాలో అలన్ కాల్వర్ట్. 1902లో మైలో బార్‌బెల్ కంపెనీ పెట్టి, లోపల సరుకు నింపి బరువు పెంచుకునే బార్‌బెల్స్ అమ్మాడు. ఆలోచిస్తే మా బత్హా పెయింటు డబ్బాలది కూడా ఆ వంశమే. మనం సిమెంటు పోసి గట్టిపరిచేశాం గనక తగ్గించడానికీ పెంచడానికీ వీల్లేదు, అంతే తేడా.

రెండో చిక్కు తిరగడం. నేల మీద నుంచి రాడ్డుని భుజాల మీదికి తెచ్చేటప్పుడు చేతులు కింద నుంచి గిర్రున తిరిగి మోచేతులు ముందుకొస్తాయి. చివరన బరువు రాడ్డుకి బిగుసుకుని ఉంటే ఆ బరువంతా చేతుల్తో పాటు తిరగాలి. అది మొరాయిస్తుంది, మణికట్టు ఆ బాకీ తీరుస్తుంది. జర్మనీలో కాస్పర్ బెర్గ్ చేసిన రాడ్డులో ప్లేట్లు ఎక్కించే చివరలు విడిగా తిరుగుతాయి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో వాడింది ఆ రకమే. ఇవాళ కొట్టుకెళ్ళి రాడ్డు కొనేటప్పుడు మీరు మొదట చెయ్యాల్సింది చివర పట్టుకుని తిప్పి చూడడం. మెత్తగా తిరగాలి, గరగరమనకూడదు. సౌదీలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఇసుక ధూళి ఆ సందులోకి దూరుతుంది. మేడ మీద పెట్టేవాళ్ళు గుడ్డ కప్పాలి, అప్పుడప్పుడు తుడిచి ఓ చుక్క నూనె వెయ్యాలి. జెద్దా, దమ్మామ్ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో అయితే తుప్పు సంగతి కూడా చూసుకోవాలి.

మూడోది వంగడం. నీళ్ళ పైపు ఒకసారి వంగితే అలాగే ఉండిపోతుంది. మంచి స్టీలు వంగి, మళ్ళీ నిటారుగా వస్తుంది. ఈ పనిలో పేరు తెచ్చుకున్న స్వీడన్ కంపెనీ ఎలీకో మొదట్లో చేసింది ఏంటో తెలుసా? బ్రెడ్ టోస్టర్లు, వాఫుల్ పెనాలు! 1957లో రాడ్ల వైపు మళ్ళింది. 1963 స్టాక్‌హోమ్ ప్రపంచ పోటీలు మొత్తం తమ ఒక్క రాడ్డుతోనే నడిచాయనీ, అది వంగలేదు, విరగలేదనీ ఆ కంపెనీ ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది. మన ఐదుగురి చందాకి ఎలీకో రాదు లెండి. కానీ రాడ్డుని నేల మీద దొర్లించి చూడడానికి డబ్బులక్కర్లేదు. వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఎత్తలేకపోతే ఏమవుతుంది? 1921లో జర్మనీ నుంచి అమెరికా వెళ్ళిన హెన్రీ స్టైన్‌బోర్న్ బస్కీలు తీసేటప్పుడు రాడ్డుని నిలువుగా నిలబెట్టి, దాని కిందకి దూరి, భుజాల మీదికి వాల్చుకునేవాడు. అప్పట్లో స్టాండ్లు వాడుకలో లేవు మరి. ఆయన చేశాడు కదా అని మనం చేస్తే ఆసుపత్రే. 1960ల మొదట్లో అమెరికాలో యార్క్ కంపెనీ ఐసోమెట్రిక్ వ్యాయామాల పేరుతో నిలువు స్తంభాలు, అడ్డ కమ్మీలు ఉన్న రాక్‌లు బాగా అమ్మింది. కదలని కమ్మీని నెట్టే ఆ వ్యాయామాల మోజు కొన్నాళ్ళకి పోయింది. కమ్మీలు మాత్రం మిగిలాయి. ఇవాళ వాటిని మనం పడబోయే బరువుని పట్టుకోవడానికి వాడుతున్నాం.

పడడం అంటే గుర్తొచ్చింది. 2000 సెప్టెంబరు 19, సిడ్నీ. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి, నీలంశెట్టి అప్పన్న గారి శిష్యురాలు కరణం మల్లీశ్వరి. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. అది మనకి కంచు పతకం, ఒలింపిక్స్‌లో భారత మహిళ గెలిచిన మొదటి పతకం. ఆఖరి ప్రయత్నంలో బంగారం కోసం 137.5 కిలోలు పెట్టించింది, కుదరలేదు. ఆ ఫెయిలైన లిఫ్టు గురించి మనం ఇరవై ఏళ్ళకి పైగా బాధపడుతూనే ఉన్నాం. అయితే ఆ రోజు ఇంకొకటి కూడా జరిగింది. అంత బరువు చేజారినా మనిషి నడిచివెళ్ళి పతకం వేయించుకుంది. అందులో సగం గొప్ప ఆమె శిక్షణది. వదిలెయ్యాల్సినప్పుడు వదిలెయ్యడం కూడా విద్యే. ఇంకో సగం ఆ రబ్బరు ప్లేట్లది, ఆ చెక్క వేదికది.

ఆ పెద్ద ప్లేట్ల అడ్డుకొలత 450 మిల్లీమీటర్లు. దానివల్ల నేల మీద ఉన్న రాడ్డు దాదాపు తొమ్మిది అంగుళాల ఎత్తులో ఉంటుంది. చవగ్గా దొరికే చిన్న ఇనుప ప్లేట్లు వేస్తే రాడ్డు ఇంకా కిందకి దిగుతుంది, దాన్ని అందుకోవడానికి నడుము విల్లులా వంగుతుంది. పరిష్కారం పెద్ద ఖర్చేం కాదు. చిన్న ప్లేట్ల కింద రెండు పక్కలా సమానంగా గట్టి చెక్క దిమ్మలు పెట్టుకోవాలి.

ఇక ఆడవాళ్ళ సంగతి. పోటీల్లో మగవాళ్ళ రాడ్డు 20 కిలోలు, మందం 28 మిల్లీమీటర్లు. ఆడవాళ్ళది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. చిన్న చేతికి సరిపడే పట్టు అది. సౌదీలో ఆడవాళ్ళ జిమ్ములకి లైసెన్సులు ఇస్తామని 2017 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఆడపిల్లల ప్రభుత్వ బడుల్లో వ్యాయామ పాఠాలు పెడతామని అదే ఏడాది జులైలో చెప్పారు. ఆరేళ్ళు తిరిగేసరికి, 2023 సెప్టెంబరులో, ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు రియాద్‌లోనే జరిగాయి, ఆడవాళ్ళవీ మగవాళ్ళవీ. మన మీరాబాయి చాను కూడా వచ్చింది. రాబోయే ఆసియా క్రీడల కోసం ఒళ్ళు దాచుకుని, తన బరువు తూయించుకుని, ఏమీ ఎత్తకుండా వెళ్ళిపోయింది! పారిస్ ఒలింపిక్స్ అర్హత నిబంధన కోసం హాజరు వేయించుకోవాలి మరి. మన కాలేజీ రోజులు గుర్తొచ్చాయి.

ఇంతకీ ఏం కొన్నారంటారా? చివరలు తిరిగే 20 కిలోల రాడ్డు ఒకటి, సెకండ్ హ్యాండు. బిగించే కాలర్లు రెండు. ఎత్తు మార్చుకునే అడ్డ కమ్మీలున్న స్టాండు. మందపాటి రబ్బరు చాపలు. ప్లేట్లలో వాళ్ళు వద్దన్నా నేను పట్టుబట్టి కొనిపించినవి 1.25 కిలోల జత. "గివేం జేస్తయన్నా, బిస్కెట్ల లెక్కున్నయి" అన్నారు. అవే సంగడానికి లేనివి. బెంచీ కూడా అడిగారు గానీ వచ్చే నెలకి వాయిదా వేయించాను. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు బెంచీ మీద పడుకుని బరువు నెట్టొద్దనీ, ఆ కమ్మీలు ఛాతీకి కొంచెం కిందగా పెట్టుకున్నాకే మొదలుపెట్టాలనీ ఒట్టు వేయించుకున్నాను.

మొదటి రోజు ఉత్త రాడ్డుతో ఎత్తడం కాకుండా దింపడం నేర్చుకున్నారు. కావాలని కిందకి కూచుండిపోయి, కమ్మీల మీద రాడ్డు వదిలేసి, కింద నుంచి పాక్కుంటూ బయటికి రావడం. ఒకటే నవ్వులు. ఆ కాలి వేలు దెబ్బ తిన్నతను మాత్రం నవ్వకుండా నాలుగుసార్లు చేశాడు.

పెయింటు డబ్బాలు పారెయ్యలేదు. గాలికి మేడ తలుపు కొట్టుకోకుండా ఒకటి అడ్డం పెట్టారు. వచ్చేసేటప్పుడు మెట్ల దగ్గర మా తమ్ముడు ఆపాడు. "అన్నా, మా చెల్లె ఊర్ల ఇంటర్ చదువుతుంది. సన్నది, గా 15 కిలోల రాడ్డు, జగిత్యాలల దొరుకుతదా?"

కనుక్కుని చెప్తానన్నాను. కనుక్కుంటున్నాను.